గగనవిహారిణి హిజాబ్ ఇంతియాజ్ అలీ

ఉర్దూలో హిజాబ్ అనగా తెర. స్త్రీ ముఖాన్ని పరాయి చూపులనుండి దాచే ముసుగుకు కూడ ఆ పేరే చెల్లుతున్నది. అటువంటి అర్థంగల పేరుతో ఒక వనిత, ఘోషా పద్ధతి ఇంకను బలంగా సాగుతున్న 1936వ సంవత్సరంలో, విమానం నడుపుటకు లైసెన్సు సంపాదించినది. బ్రిటిషు సామ్రాజ్యంలో ఆ అర్హత పొందిన తొలి ముస్లిం మహిళగా ఆమెకు ఖ్యాతి వచ్చినది. ఆమె హిజాబ్ ఇంతియాజ్ అలీ. పుట్టినది మన హైదరాబాదులో; పెరిగినది మద్రాసులో; మెట్టినదీ, మట్టిలో కలిసినదీ లాహోరులో.

ఉర్దూ కథాసాహిత్యంతో పరిచయం ఉన్నవారికి ఆమె చిరపరిచితురాలు. సుమారు అరువది సంవత్సరాలు ఆమె కలం ఆగక సాగినది. కాని ఆమె పుట్టిన గడ్డమీద, ఆ గడ్డకు నేడు ప్రధానభాష అయిన తెలుగులో, ఆమెను తలచుకొనేవారు బహు అరుదు. విమానాల చరిత్ర వ్రాసేవారు ఆమెను కథకురాలని ప్రక్కకు జరుపుతారు. సాహిత్య చరిత్ర వ్రాసేవారు విమానం సంగతిని ఒక వాక్యంలో ముగిస్తారు. రెండు విద్యల నడుమ, రెండు దేశాల నడుమ, ఆమె స్మృతి జారిపోయినది. ఆ జీవితాన్ని మొదటినుండి చివరిదాక ఒకచోట నిలిపి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉర్దూ రచయిత్రి జీవితంతో తెలుగు పాఠకులకు పని ఏమని ఎవరైనా అడుగవచ్చు. మదనపల్లె, పుంగనూరు బజారులలో పది అడుగులు నడిచినవారికి ఆ సందేహం రాదు. మన ప్రక్క అంగడిలోనూ, మన కళాశాల తరగతిలోనూ ఆ భాష వినబడుతూనే ఉంటుంది. కుప్పం దాటి మద్రాసువైపు రైలులో పోతే వాణియంబాడి, ఆంబూరు వంటి తోళ్ల వ్యాపారపు ఊళ్లు వస్తవి. అక్కడ ఉర్దూ ఇంటిభాషగా తరతరాలనుండి నిలిచి ఉన్నది. ఒకే నేలమీద, ఒకే వానకు తడిసి పెరిగిన రెండు సాహిత్యాలు ఒకదాని ముఖం మరొకటి చూడకుండా ఉండడం కూడ ఒక విధమైన ఘోషాయే. దానిని కొంత తొలగించుటకు హిజాబ్ జీవితం తగిన సందర్భం.

హిజాబ్ 1908వ సంవత్సరం నవంబరు 4వ తేదీన జన్మించినది. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పరిపాలన. అంతకు అయిదు వారాలకు ముందు, సెప్టెంబరు 28వ తేదీన, మూసీనది పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ విపత్తునుండి నగరం ఇంకా తేరుకొనక ముందే ఈ బిడ్డ కన్ను తెరచినది. తండ్రి సయ్యద్ మహమ్మద్ ఇస్మాయిల్ నిజాము కొలువులో ఉన్నతోద్యోగి. తల్లి అబ్బాసీ బేగం స్వయంగా రచయిత్రి. ఇంట సంపదకు కొదువ లేదు. అంతకంటె అరుదైన విశేషం, ఆ ఇంట స్త్రీ చేతిలో కలం ఉండడం.

అది ఎంత అరుదో ఈనాటివారికి వెంటనే తట్టదు. ఆ కాలపు గౌరవ కుటుంబాలలో ఆడపిల్లకు చదవడం నేర్పుటకు ఒప్పుకొన్న పెద్దలు కూడ వ్రాయడం నేర్పుటకు వెనుకాడేవారు. చదివినది ఇంటిలోనే ఉంటుంది. వ్రాసినది గడప దాటుతుందని వారి భయం. ఆ భయాన్ని పోగొట్టుటకు 1898వ సంవత్సరంలో లాహోరునుండి తహజీబె నిస్వాన్ అనే వారపత్రిక వెలువడినది. సయ్యద్ ముంతాజ్ అలీ దాని స్థాపకుడు. ఆయన భార్య మహమ్మదీ బేగం సంపాదకురాలు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి సతీహితబోధిని, రాయసం వేంకటశివుడుగారి తెలుగు జనానా, ఆ తరువాత వచ్చిన హిందూసుందరి మన స్త్రీలకు చేసిన సేవ ఎటువంటిదో, ఉర్దూ చదివే స్త్రీలకు ఈ పత్రిక చేసినది అటువంటిది. ఘోషాలోని స్త్రీలు దూరదూరపు ఊళ్లలో కూర్చొని, ఒకరినొకరు ఎన్నడును చూడకుండానే, ఈ పత్రిక పుటలలో స్నేహితులైనారు. అబ్బాసీ బేగం కూడ దానికి వ్రాసేది.

ఇక్కడ ఒక విచిత్రమైన కలయిక ఉన్నది. మహమ్మదీ బేగం తన ముప్పదవ ఏట, 1908 నవంబరులోనే, అంటే హిజాబ్ పుట్టిన నెలలోనే, మరణించినది. అప్పటికి ఆమె కుమారుడు ఇంతియాజ్ అలీకి ఎనిమిదేండ్లు. ఆ కుర్రవానినే తరువాత హిజాబ్ పెండ్లాడినది. అనగా, తాను కన్నులారా చూడని అత్తగారి పత్రిక తన తల్లికి వేదిక అయినది. తన పేరును కూడ ఉత్తరాదికి తీసికొనిపోయినది. ఒక స్త్రీ విడిచిన పనిని మరొక స్త్రీ ఎత్తుకొనుట అంటే ఇదియే.

హిజాబ్ బాల్యం, చదువు ఎక్కువగా మద్రాసులో గడచినవి. ఆంగ్లవిద్యతోపాటు ఉర్దూ, అరబ్బీ, సంగీతం నేర్చినది. మద్రాసు ఆనాడు తెలుగువారికీ రాజధానియే. ఆ నగరానికి ఆకాశంతో కొంత పూర్వపరిచయం కూడ ఉన్నది. 1910వ సంవత్సరంలో డాంజెలిస్ అనే హోటలు యజమాని మద్రాసులోనే ఒక విమానం చేయించి పల్లావరంలో దానిని ఎగురవేసి చూపినాడు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి. అదే మద్రాసునుండి వెలువడే ఇండియన్ లేడీస్ మేగజీన్ అనే ఆంగ్లపత్రికలో 1905వ సంవత్సరంలో బెంగాలు రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ సుల్తానా స్వప్నం అనే కథ ప్రకటించినది. అందులో పురుషులు ఇంటిలో ఘోషా పాటిస్తారు. స్త్రీలు రాజ్యమేలుతారు, గాలిలో తేలే వాహనాలలో తిరుగుతారు. ఆ పత్రికకు సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమహేంద్రవరపు ఆడపడుచు. ముస్లిం స్త్రీ ఆకాశంలో విహరించే కల మొదట అచ్చయినది ఒక తెలుగు స్త్రీ చేతిమీదుగా, మద్రాసులో. ముప్పదియొక్క సంవత్సరాల తరువాత ఆ కలను నిజం చేసినది మద్రాసులో పెరిగిన పిల్ల. ఆ కథను హిజాబ్ చదివినదో లేదో మన వాదానికి అవసరం లేదు. ఒక కాలపు గాలిలో ఉన్న ఆశ ఏదో ఒక గుండెలో దిగక మానదు.

హిజాబ్ యౌవనారంభంలో ఉండగానే తల్లి మరణించినది. ఆ దుఃఖం ఆమె రచనలలో చివరిదాక నీడవలె వెంటవచ్చినది. మొదటి రచనలు హిజాబ్ ఇస్మాయిల్ అనే పేరుతో వెలువడినవి. మేరీ నాతమామ్ ముహబ్బత్, అనగా నా అసంపూర్ణ ప్రణయం, ఆమెకు చిన్నవయస్సులోనే పేరు తెచ్చినది. ఒక అవివాహిత యువతి, అందులో గౌరవ కుటుంబంలోని పిల్ల, ప్రేమ అనే మాటను పుస్తకం అట్టమీదనే వేయించడం ఆనాటికి సామాన్య సాహసం కాదు.

ఆమె కథాలోకం చిత్రమైనది. ఆమె కథలలోని ఊళ్లు భూగోళంలో వెదికినా కనబడవు. సముద్రతీరపు పాత భవనాలు, వెన్నెల, తుఫాను, కొవ్వొత్తుల వెలుగు, ఎక్కడినుండియో వినవచ్చే సంగీతం. ఇవి అందులోని వాతావరణం. రూహీ అనే యువతి పలు కథలలో తానే కథకురాలై మాట్లాడుతుంది. డాక్టర్ గార్ అనే పెద్దమనిషి, జుబేదా అనే నాయనమ్మ ఒక కథనుండి మరొక కథకు నడచివస్తుంటారు. ఒక పుస్తకం ముగించి మరొకటి తెరచిన పాఠకునికి చుట్టాల ఇంటికి తిరిగి వచ్చినట్లుండేది. ఉర్దూలో సజ్జాద్ హైదర్ యల్దరమ్, నియాజ్ ఫతేపురి మొదలైనవారు నడిపిన భావుక వచనమార్గంలో ఆమెది ప్రత్యేకస్థానం. మనకు రాయప్రోలు, దేవులపల్లి కవులు పద్యంలో తెచ్చిన ప్రణయభావుకతను ఉర్దూవారు ఆ కాలంలోనే వచనంలోకి దింపినారని చెప్పితే తెలుగు పాఠకులకు కొంత బోధపడుతుంది. కాని మన భావకవిత్వంలో ప్రేయసి ఎక్కువగా వర్ణింపబడేది; ఇక్కడ ప్రేయసి తానే కలం పట్టినది. ఈ భేదం చిన్నది కాదు.

1935వ సంవత్సర ప్రాంతంలో ఇంతియాజ్ అలీ తాజ్‌తో ఆమెకు వివాహమైనది. తాజ్ అప్పటికే ప్రసిద్ధ నాటకకర్త. 1922వ సంవత్సరంలో ఆయన వ్రాసిన అనార్కలీ నాటకం ఉర్దూ నాటకసాహిత్యంలో మేలిరాయిగా ఎన్నబడినది. అక్బరు కుమారుడు సలీము ఒక దాసిని వలచిన కథకు ఆధునిక కాలంలో స్థిరమైన రూపం ఇచ్చినది ఆ నాటకమే. 1955లో అంజలీదేవి, నాగేశ్వరరావులు నటించిన తెలుగు అనార్కలిని చూచి కన్నీరు పెట్టిన మన ప్రేక్షకులకు, ఆ కథ వెనుక ఉన్న నాటకకర్త ఇల్లాలు హైదరాబాదులో పుట్టినదని తెలియదు. తాజ్ హాస్యంలోనూ దిట్ట. చచా ఛక్కన్ అనే పాత్ర ఆయన సృష్టి. వివాహానంతరం హిజాబ్ లాహోరులో స్థిరపడి, అత్తవారి తహజీబె నిస్వాన్ సంపాదకత్వంలో పాలుపంచుకొన్నది.

లాహోరులోనే ఆమె దృష్టి ఆకాశంవైపు మళ్లినది. ఆనాటి విమానాల పరిస్థితిని కొంచెం తెలిసికొంటే గాని ఆమె చేసిన పని విలువ తెలియదు. మన దేశంలో విమానచోదకుని లైసెన్సు మొదట పుచ్చుకొన్న జె.ఆర్.డి. టాటాకు అది లభించినది 1929 ఫిబ్రవరిలో. 1932 అక్టోబరు 15న ఆయన కరాచీనుండి బొంబాయికి తపాలా విమానం నడిపినాడు; బొంబాయినుండి బళ్లారిమీదుగా మద్రాసుకు దానిని నెవిల్ విన్సెంట్ తీసికొనిపోయినాడు. మన రాయలసీమ ఆకాశంలో క్రమం తప్పని విమానపు చప్పుడు వినబడసాగినది అప్పటినుండియే. 1930 మేలో ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన ఏమీ జాన్సన్ కరాచీ, ఝాన్సీ, కలకత్తాలలో దిగి సాగినప్పుడు, స్త్రీకి ఈ విద్య అందరానిది కాదని మన దేశంలోనూ ఎరుకపడినది. 1932వ సంవత్సరంలో ఊర్మిళా పారిఖ్ లైసెన్సు పొంది భారతస్త్రీలకు మొదటి అడుగు వేసినది.

ఆనాటి క్లబ్బులలో శిక్షణకు ఎక్కువగా వాడినవి మాత్ జాతి చిన్న విమానాలు. కొయ్య చట్రం, దానిమీద బిగించిన గుడ్డ, ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, ముందొకటి వెనుకొకటి రెండు ఆసనాలు. తలమీద కప్పు లేదు. శిష్యుడు ఒక ఆసనంలో, గురువు మరొక దానిలో కూర్చొని ఒక గొట్టంగుండా మాట్లాడుకోవాలి. గాలి ముఖాన కొడుతుంటే, ఇంజను చప్పుడులో గురువు మాట సగమే వినబడుతుంటే, నేలను చూచి దారి గుర్తుపట్టాలి. గురువు దిగిపోయి శిష్యుని ఒంటరిగా పంపే రోజు ఒకటి వస్తుంది. అటుపై గుర్తుల చుట్టు ఎనిమిది అంకె ఆకారంగా విమానాన్ని త్రిప్పి చూపాలి. ఇంజను అణచి క్రిందికి జారి, చెప్పినచోట నిలపాలి. అప్పుడు గాని ఎ లైసెన్సు ఇయ్యరు. దానితో కూలికి విమానం నడుపరాదు, స్వంతానికి ఎగురవచ్చును. ముసుగు చాటున మాట్లాడుట నేర్పిన సమాజంనుండి వచ్చిన స్త్రీ, ముఖాన్ని గాలికి ఎదురుపెట్టి కూర్చొనక తప్పని విద్య ఇది.

హిజాబ్ 1936వ సంవత్సరంలో లాహోరు ఫ్లయింగ్ క్లబ్బునుండి ఈ లైసెన్సు పొందినది. అదే సంవత్సరం, అదే లాహోరులో, సరళా ఠక్రాల్ అనే యువతి కూడ జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా ఎగిరినది. ఆమెకు అప్పుడు ఇరువదియొక్క ఏండ్లు. ఒక బిడ్డకు తల్లి. చీర కట్టుకొనియే విమానం ఎక్కినది. ఒకే ఊరి ఆకాశంలో, ఒకే ఏట, ఒక హిందూ గృహిణి, ఒక ముస్లిం గృహిణి రెక్కలు కట్టుకొన్నారు. పదకొండేండ్ల తరువాత ఆ ఊరికి పట్టనున్న గతిని తలచుకొంటే ఈ దృశ్యం ఎంత అపురూపమో తెలుస్తుంది.

ప్రపంచంలో ఇతరచోట్ల చూచినా ఇది ఆ కాలపు మేల్కొలుపే. ఈజిప్టులో లుత్ఫియా అల్ నాదీ 1933వ సంవత్సరంలో లైసెన్సు పొందినది. టర్కీలో సబీహా గోక్చెన్ ఆ దశాబ్దంలోనే యుద్ధవిమానాలు నడుపుట నేర్చినది. కావున హిజాబ్ ముస్లిం జగత్తులో మొదటిది అనరాదు. కాని సబీహాకు అండగా రాజ్యాధినేత అతాతుర్క్ ఉన్నాడు. హిజాబ్‌కు అటువంటి రాజ్యబలం లేదు. రెండు తరాలుగా తన ఇంటా, అత్తింటా స్త్రీలు సంపాదించి పెట్టిన స్వాతంత్ర్యమే బలం.

ఆమె విమానచోదనను వృత్తిగా స్వీకరించలేదు. రచనయే ఆమె వృత్తి. అందుచేత విమానం ఒక ధనిక స్త్రీ వినోదమని కొట్టివేయువారు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. విమానశిక్షణ పేదలకు అందేది కాదు. ఆమె కథలలో కూడ దాసీలు, భవనాలు, తోటలు తప్ప పొలంలో చెమటోడ్చే మనిషి కనబడడు. సరిగా ఆ 1936వ సంవత్సరంలోనే లక్నోలో అఖిలభారత అభ్యుదయ రచయితల సంఘం మొదటి సమావేశం జరిగినది. డాక్టరు రషీద్ జహాన్ వంటి రచయిత్రులు ముస్లిం స్త్రీల రోగాలు, కష్టాలు, కన్నీళ్లు నిర్మొగమాటంగా వ్రాసి సంచలనం లేవదీసిన కాలమది. వారి ప్రక్కన నిలిపి చూస్తే హిజాబ్ వెన్నెల భవనాలు పలాయనంగా కనబడడం సహజం. అభ్యుదయ విమర్శకులు ఆమెను తేలికగా చూచినారు.

అయినను న్యాయం చెప్పవలసివస్తే ఇంకొక మాట కూడ చెప్పాలి. నాలుగు గోడలమధ్య ఉన్న స్త్రీకి తన గోడలను గురించి చెప్పడం ఒక మేలు. గోడల అవతల లోకమున్నదని చెప్పడం మరొక మేలు. రషీద్ జహాన్ మొదటిది చేసినది. హిజాబ్ రెండవది చేసినది. ఆమె కథలలోని రూహీ తనకు నచ్చినచోటికి ప్రయాణం చేస్తుంది, తనకు తోచినది మాట్లాడుతుంది. అటువంటి స్త్రీ కథలో మాత్రమే ఉంటుందని చదువరి నిట్టూర్చకుండా, ఆ కథ వ్రాసిన మనిషియే విమానం నడిపి చూపినది. ఊహకు ఋజువు చూపిన రచయితలు ఏ భాషలోనూ ఎక్కువమంది లేరు. ఆమె లైసెన్సుకు సాహిత్యచరిత్రలో చోటు ఉండవలెనని నేననడం ఇందుకే.

తరువాతి కాలం రెక్కలకు మంచికాలం కాదు. 1939వ సంవత్సరంలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చినది. వినోదానికీ, తపాలాకూ ఎగిరిన విమానం నగరాలమీద నిప్పులు కురియు యంత్రమైనది. మన విశాఖపట్నం, కాకినాడలమీద కూడ 1942 ఏప్రిలులో జపాను బాంబులు పడినవి. ఆ యుద్ధపు రోజులను హిజాబ్ దినచర్య రూపంలో వ్రాసిపెట్టినది.

పిమ్మట 1947వ సంవత్సరం. పంజాబు చీలినది. లాహోరు శివార్లలో విమానాశ్రయమున్న వాల్టన్ ప్రాంతం లక్షలాది కాందిశీకులు తలదాచుకొన్న శిబిరమైనది. సరళా ఠక్రాల్ ఇద్దరు ఆడపిల్లలతో లాహోరు విడిచి ఢిల్లీ చేరినది. భర్త 1939వ సంవత్సరంలోనే విమానప్రమాదంలో మరణించగా ఆమె విమానాలు మాని చిత్రకళతో, నగల అచ్చుపనితో, బట్టల వ్యాపారంతో సంసారం నిలబెట్టుకొన్నది. హిజాబ్ భర్తతో లాహోరులోనే ఉండిపోయినది. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో ఆమె పుట్టిన నిజాము రాజ్యం కూడ చరిత్రలో కలిసిపోయినది. ఆమె పుట్టినిల్లు ఒక దేశంలో, మెట్టినిల్లు మరొక దేశంలో అయినవి. తల్లి చేయి పట్టుకొని తిరిగిన ఊళ్లకు పోవుటకు ఇక అనుమతిపత్రాలు కావలె. ఆకాశంలో సరిహద్దురేఖ ఎక్కడను కనబడదు. నేలమీద మాత్రం దానిని దాటడం విమానశిక్షణకంటె కష్టమైనది.

1950వ సంవత్సరంలో వెలువడిన అంధేరా ఖ్వాబ్ అనే నవలలో ఆమె దారి కొంత మార్చినది. ఫ్రాయిడు ప్రచారం చేసిన మనోవిశ్లేషణ శాస్త్రాన్ని కథావస్తువుగా గ్రహించి, స్త్రీ మనస్సులోని చీకటి గదులు తెరచి చూపినది. బయటి ఆకాశాన్ని చూచిన మనిషి లోపలి ఆకాశంలోకి చూడసాగినదని అనవచ్చును.

1965 సెప్టెంబరులో భారత పాకిస్తానులమధ్య యుద్ధం వచ్చినప్పుడు లాహోరు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్నది. రాత్రులు దీపాలు ఆర్పివేసి, తలమీద విమానాలు తిరుగుతుంటే, జనం చీకటిలో కూర్చొనేవారు. ఆ రోజుల అనుభవాన్ని ఆమె మోంబత్తీ కే సామ్‌నే, అనగా కొవ్వొత్తి ఎదుట, అనే దినచర్య గ్రంథంగా వ్రాసినది. ముప్పదేండ్లక్రితం తాను చేతితో త్రిప్పిన యంత్రమే ఇప్పుడు తన ఇంటిమీద భయంగా వచ్చినది. అటువైపు విమానం తాను పుట్టిన దేశానిది. ఇటువైపు విమానం తాను ఉంటున్న దేశానిది. ఈ స్థితిలో కూర్చొని కలం పట్టిన మనిషి మరొకరు ఆ రెండు దేశాలలో ఉన్నారో లేరో చెప్పలేము.

1970 ఏప్రిలులో మరొక పిడుగు పడినది. ఒక రాత్రి ముసుగులు ధరించిన హంతకులు ఇంటిలో జొరబడి, నిద్రించుచున్న ఇంతియాజ్ అలీ తాజ్‌ను పొడిచి చంపినారు. అడ్డుపోయిన హిజాబ్‌కు కూడ గాయాలైనవి. ముప్పదియైదేండ్ల సాహచర్యం ఆ విధంగా తెగిపోయినది. ఆ తరువాత ఆమె ఇరువదితొమ్మిది సంవత్సరాలు జీవించినది. ఇంటినిండ పిల్లులను పెంచుకొన్నది. కలం మాత్రం విడువలేదు. తన వయస్సు ఎనుబది సమీపించిన దినాలలో పాగల్ ఖానా, అనగా పిచ్చాసుపత్రి, అనే నవల వ్రాసినది. అణ్వస్త్రాలు చేత పట్టుకొని నిలచిన మానవజాతియే అందులోని పిచ్చివారు. వెన్నెల భవనాలతో మొదలైన రచన ప్రపంచనాశనపు భయంతో ముగిసినది. ఆమెను పలాయనవాది అన్న విమర్శకులు ఈ చివరి పుస్తకాన్ని కూడ ఎదుట పెట్టుకొని తీర్పు చెప్పవలసి ఉన్నది. హిజాబ్ 1999 మార్చిలో లాహోరులో కన్నుమూసినది. దానికి పదినెలలకు ముందే, 1998 మేలో, రెండు దేశాలును అణుపరీక్షలు జరిపి చూపినవి. తన నవలలోని భయం ఊహ కాదని ఆమె బ్రతికి ఉండగానే తేలినది.

ఇక ఆమె వారసత్వం మాట. భారతదేశంలో తొలి వైమానికురాండ్ర ప్రస్తావన వస్తే సరళా ఠక్రాల్ పేరు చెప్పుతారు. పాకిస్తానులో ఆ ప్రస్తావన వస్తే 1959వ సంవత్సరంలో వాణిజ్య లైసెన్సు పొందిన షుక్రియా ఖానంతో మొదలుపెడతారు. హిజాబ్ రెంటికీ చెందినది కనుక రెంటిలోను వెనుకబడినది. ఒక దేశానికి ఆమె పొరుగుదేశపు రచయిత్రి. మరొక దేశానికి ఆమె లైసెన్సు దేశం పుట్టకముందటి ముచ్చట. పుట్టిన హైదరాబాదుకు ఆమె ఊసే లేదు. విచిత్రమేమనగా, స్త్రీకి విమానంలో ఉద్యోగమిచ్చుటకు పలు సంస్థలు నిరాకరించిన కాలంలో, స్వాతంత్ర్యం వచ్చిన దినాలలో, ప్రేమ్ మాథుర్ అనే మహిళను చోదకురాలిగా తీసికొన్నది హైదరాబాదు కేంద్రంగా నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థయే. బేగంపేటనుండి ఆమె ఎగిరిన విమానాలు హిజాబ్ పుట్టిన ఊరిమీదుగానే పోయి ఉంటవి. నేడు మన దేశపు విమానచోదకులలో నూటికి పన్నెండుగురికి మించి స్త్రీలే. ప్రపంచపు సగటుకు ఇది రెట్టింపుకు పైన. ఈ పంటకు విత్తనం వేసినవారిలో ఒకరి పేరు మన పాఠ్యపుస్తకాలలో లేకపోవడం సమంజసం కాదు.

మనం చేయదగినది పెద్ద పని ఏమీ కాదు. హిజాబ్ కథలు కొన్ని, ముఖ్యంగా యుద్ధకాలపు దినచర్య, తెలుగులోకి రావలె. ఉర్దూ, తెలుగు రెండూ ఇంటిభాషలుగా కలిగిన యువతీయువకులు మన మదనపల్లె ప్రాంతంలో ఏటేటా కళాశాలలకు వస్తున్నారు. రెండు భాషలు తెలియడాన్ని వారు బరువుగా భావిస్తుంటారు. అది రెండు రెక్కలని వారికి చెప్పేవారు లేరు. వారిలో ఒకరు పూనుకొని ఆ పని చేస్తే, తొంబది సంవత్సరాలక్రితం లాహోరునుండి లేచిన ఆ విమానం తన పుట్టింటికి ఈనాటికి వచ్చి దిగినట్లవుతుంది.